చాకలిపేట అడుగున, సుల్తాన్ బజార్ నెత్తిన

హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్ 2020 ఫిబ్రవరి 7న తెరుచుకుంది. చెన్నైలో సర్ త్యాగరాయ కళాశాల స్టేషన్ మరుసటి ఏడాది ఫిబ్రవరి 14న తెరుచుకుంది. మొదటిది స్తంభాల మీద, మేడల కిటికీల ఎత్తున నిలబడి ఉంటుంది. రెండోది నేల అడుగున ఉంది. రెండూ ఒకప్పుడు ఊరి గోడల అవతల పుట్టిన శివారు పేటలే. రెండింటిలోనూ తెలుగువాళ్ల చరిత్ర గట్టిగా ఉంది. రెండు చోట్లా రోడ్లు ఇరుకు, జనం కిక్కిరిసి ఉంటారు, వ్యాపారం తరాల నాటిది. ఇన్ని పోలికలున్నా రైలు ఒకచోట కిందికి దిగింది, ఇంకోచోట నెత్తికెక్కింది. ఎందుకని అడిగితే ఇంజనీర్లు మట్టినీ రాతినీ చూపిస్తారు. ఆ జవాబులో నిజం లేకపోలేదు. కానీ అసలు సంగతి డబ్బు ఎవరిది, నష్టం ఎవరి ఖాతాలో పడింది అన్న దగ్గర ఉందని నా వాదన.

మాది కల్హేర్ వైపు. మాకు రైలు లేదు. బోధన్ నుంచి బీదర్‌కు లైను వేస్తారన్న మాట మా పెద్దలు విన్నారు, మేమూ వింటున్నాం. హైదరాబాద్ పోవాలంటే బస్సే దిక్కు. జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లో దిగితే, అక్కడికి దగ్గర్లోనే మా వాళ్లకు కావలసినవన్నీ ఉంటాయి. పెళ్లి బట్టలకు సుల్తాన్ బజార్, బడి చౌడీ. చదువుకునే పిల్లల పాత పుస్తకాలకు కోఠి. చెవికీ గొంతుకూ ఈఎన్‌టీ దవాఖాన. కాన్పు కష్టమైతే సుల్తాన్ బజార్ ప్రసూతి దవాఖాన. నారాయణఖేడ్ పల్లెల్లో చాలా ఇళ్లకు హైదరాబాద్ అంటే చార్మినార్ కన్నా ముందు గుర్తుకొచ్చేది ఈ నాలుగు గల్లీలే. అందుకే ఈ బజారు నెత్తిన ఏం కట్టారన్నది మా జిల్లావాళ్లకు కూడా సంబంధించిన విషయం.

ముందు బజారు పుట్టుక చూద్దాం. మూసీ ఉత్తరపు ఒడ్డున, కోటగోడల అవతల, 1803 ప్రాంతంలో జేమ్స్ కిర్క్‌పాట్రిక్ బ్రిటిష్ రెసిడెన్సీ భవనం మొదలుపెట్టాడు. దాని చుట్టూ పెరిగిన అంగళ్లకు రెసిడెన్సీ బజార్ అని పేరు. ఆ కొద్దిపాటి జాగాలో నిజాం చట్టం చెల్లదు, రెసిడెంటు మాటే చెల్లుతుంది. ఆ రక్షణ కోసం షావుకార్లు అక్కడికి చేరారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నడిపిన తిరుగుబాటుదార్లు ఆ రెసిడెన్సీ మీదికే దండెత్తి, ఈ గల్లీల్లోని ఇళ్లలోంచే కాల్పులు జరిపారు. ఆ తర్వాత కాలంలో నిజాం రాజ్యంలో మరోచోట దొరకని వెసులుబాటు ఇక్కడ దొరికింది కాబట్టి సంఘాలూ ఇక్కడే పుట్టాయి. 1892లో ఆర్యసమాజం, 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు పూనుకుని పెట్టిన ఆ గ్రంథాలయం తెలంగాణలో తెలుగు చదువుకు తలవాకిలి. 1933లో బజారును తిరిగి నిజాంకు అప్పగించాక సుల్తాన్ బజార్ అనే పేరు స్థిరపడింది. రెసిడెన్సీ భవనంలో తర్వాత కోఠి మహిళా కళాశాల నడిచింది. అదే ఇవాళ చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. బ్రిటిష్ రెసిడెంటు కట్టిన మేడకు పాలకుర్తి రజక స్త్రీ పేరు పెట్టడం నాకు ఎంతో సంతోషం కలిగించిన సంగతి.

ఇక అటువైపు. మద్రాసులో బ్లాక్ టౌన్ గోడ అవతల, ఉత్తరాన, ఈస్టిండియా కంపెనీకి కావలసిన గుడ్డను ఉతికి, చలువ చేసి, ఆరబెట్టేవాళ్లు స్థిరపడ్డ చోటు వాషర్‌మెన్‌పేట. తెలుగువాళ్లు చాకలిపేట అనే పిలుచుకున్నారు. గుడ్డ ఉన్నచోట నేతగాళ్లుంటారు. కాస్త ఉత్తరంగా ఉన్న కాలడిపేటకు ఆ పేరు వచ్చిందే కాలెట్ అనే గవర్నరు వల్ల. అదీ నేతగాళ్ల కోసం వేసిన పేటే. తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబంలో 1852లో పుట్టి, ఈ ప్రాంతంతో పేరు ముడిపడ్డవాడు పిట్టి త్యాగరాయ శెట్టి. మగ్గాల మీద విసురు నాడె వాడకం తెచ్చి, సొంతంగా నేత కార్ఖానా నడిపాడు. 1916లో జస్టిస్ పార్టీగా పేరుపడ్డ సంఘాన్ని నిలబెట్టిన ముగ్గురు నలుగురిలో ఆయన ముఖ్యుడు. 1920లో ముఖ్యమంత్రి పదవి ఇంటిదాకా వస్తే వద్దన్నాడు. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు పగటి భోజనం పెట్టించాడు. పిల్లవాడికి అణాకు మించకుండా ఖర్చు అన్న ఆ తీర్మానం నుంచే ఈ దేశంలో మధ్యాహ్న భోజన చరిత్ర మొదలుపెట్టి రాస్తారు. 1925లో కాలం చేశాడు. టీ నగర్ ఆయన పేరే. ఆయన పేరనే 1950లో చాకలిపేటలో కాలేజీ వచ్చింది. ఆ కాలేజీ పేరే ఇప్పుడు నేల అడుగున స్టేషన్‌కు పెట్టారు.

రైలు ఈ పేటకు కొత్త కాదన్నది గుర్తుంచుకోవాలి. దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జులై 1న బయల్దేరిన రాయపురం స్టేషన్ చాకలిపేట పక్కనే ఉంది. ఆ పాత భవనం ఇంకా నిలిచే ఉంది. మన సికింద్రాబాద్‌కు రైలు 1874లో గానీ రాలేదు. సుల్తాన్ బజార్‌కు దగ్గరి పెద్ద స్టేషన్ కాచిగూడ 1916 నాటిది. అంటే రెండు పేటలూ ఒకప్పుడు పొగబండి శివార్లే. ఆ పొగబండి రెండుచోట్లా ఊరి అంచున ఆగింది, జనం మధ్యలోకి రాలేదు. జనం మధ్యలోకి వచ్చింది మెట్రోయే. తగాదా కూడా అక్కడే మొదలైంది.

చెన్నై మెట్రో మొదటి దశ 45 కిలోమీటర్లు. అందులో 24 కిలోమీటర్లు భూగర్భంలోనే ఉంది. 32 స్టేషన్లలో 19 నేల కిందివి. హైదరాబాద్ మొదటి దశ 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. భూగర్భంలో ఒక్కటీ లేదు. ఈ తేడాకు రాయి కారణమన్న మాట ముందు వినిపిస్తుంది. హైదరాబాద్ నల్లరాతి గుట్టల మీద కూర్చున్న ఊరు. చెన్నై ఉత్తర భాగంలో ఇసుక, బంకమన్ను, కొద్ది లోతులోనే నీళ్లు. కానీ ఆ మన్ను తవ్వడం తేలిక అనుకుంటే పొరపాటు. నీటి ఊటతో, పాత ఇళ్ల పునాదుల పక్కన సొరంగం తీయడం మహా ప్రమాదం. 2017 ఏప్రిల్ 9న అన్నా సాలై మీద నేల కుంగి, నడుస్తున్న సిటీ బస్సూ ఒక కారూ ఆ గుంతలో దిగబడ్డాయి. అదే రోడ్డు కింద అంతకుముందే ఒక ఒప్పందం మధ్యలో రద్దై, పని కొత్తవాళ్ల చేతికి మారి, ఏళ్లు గడిచాయి. రాయి అయితే నిదానంగానైనా నిలబడి తవ్వనిస్తుంది. కాబట్టి కఠినమైన నేల మీద ఉండటం వల్లే హైదరాబాద్ పైకెక్కింది, మెత్తని నేల దొరకడం వల్లే చెన్నై కిందికి దిగింది అన్న లెక్క నిలవదు. రెండు నేలలూ కష్టమైనవే. ఒక ఊరు ఆ కష్టానికి ఖర్చు పెట్టింది.

ఆ ఖర్చు చిన్నది కాదు. భూగర్భ మార్గానికి స్తంభాల మార్గం కన్నా రెండున్నర, మూడు రెట్లు అవుతుందని సాధారణంగా వేసే అంచనా. చెన్నైలో కేంద్రం, రాష్ట్రం చెరి సగం వాటాతో కంపెనీ పెట్టి, సగానికి పైగా సొమ్ము జపాన్ సంస్థ జైకా దగ్గర దీర్ఘకాలపు అప్పుగా తెచ్చుకున్నాయి. త్యాగరాయ స్టేషన్ ఉన్న చాకలిపేట–విమ్కో నగర్ పొడిగింపు 9 కిలోమీటర్ల పైచిలుకు. దానికి 3,770 కోట్లు. ప్రజల అప్పు, ప్రజల బాధ్యత. అంత ఖర్చుకు తగ్గ జాగ్రత్త ఆ మార్గంలో కనబడుతుంది. దాని స్టేషన్లలో మొదటి రెండు, అంటే త్యాగరాయ కళాశాల, తొండియార్‌పేట, భూగర్భంలో ఉన్నాయి. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నంత మేరా రైలు అడుగునే పోయి, రోడ్డు వెడల్పైన చోట పైకి లేచి స్తంభాలెక్కుతుంది. ఇరుకైన చోట కిందికి, విశాలమైన చోట పైకి. ఎక్కడ తగ్గాలో ఎక్కడ నెగ్గాలో తెలిసిన పద్ధతి ఇది.

హైదరాబాద్ కథ వేరే దారిలో నడిచింది. 2008లో మేటాస్ నాయకత్వంలోని సంస్థలు ప్రభుత్వాన్ని పైసా అడక్కపోగా, తామే ఎదురు 30,311 కోట్లు ఇస్తామన్నాయి. మెట్రో పేరుతో ఇచ్చే భూములే అసలు లాభమన్న అనుమానాన్ని ఢిల్లీ మెట్రో నిర్మాత శ్రీధరన్ అప్పుడే బాహాటంగా చెప్పాడు. మేటాస్‌తో ముడిపడ్డ సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది, 1,458 కోట్ల సాయం అడిగి, మిగతాది తానే పెట్టి, టికెట్లలోంచీ మాల్స్ అద్దెల్లోంచీ ప్రకటనల్లోంచీ రాబట్టుకుంటానంది. రాబడిలో సగం టికెట్ల మీద, దాదాపు మిగతా సగం భూముల మీద, స్వల్పంగా ప్రకటనల మీద అని అప్పటి అంచనా. ఆ లెక్కలో సొరంగానికి చోటెక్కడిది? మూడు రెట్లు పెట్టి నేల కిందికి దిగితే తిరిగి రాదు. రోడ్డు మధ్యన స్తంభం పాతితే భూసేకరణ తగ్గుతుంది, పని త్వరగా అవుతుంది, స్టేషన్ ఎత్తున కనబడితే ప్రకటనలకూ బాగుంటుంది. ప్రైవేటు సంస్థను ఇందులో తప్పుపట్టను. దాని లెక్క అది చూసుకుంది. ఊరి లెక్క చూడవలసినది ప్రభుత్వం.

సుల్తాన్ బజార్, బడి చౌడీ వ్యాపారులు ఏళ్ల తరబడి అడ్డం తిరిగారు. దుకాణాలు మూశారు, ఊరేగింపులు తీశారు. వాళ్ల కోరికల్లో సొరంగమూ ఉంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం వచ్చాక అసెంబ్లీ దగ్గరా, సుల్తాన్ బజార్ దగ్గరా, పాతబస్తీలోనూ దారి మారుస్తామన్న మాట వచ్చింది. చివరికి అసెంబ్లీ దగ్గరా బజారులోనూ మొదట గీసిన గీతే నిలిచింది. కొందరి దుకాణాల ముందుభాగాలు పోయాయి, పరిహారాలు అందాయి, స్తంభాలు లేచాయి. పాతబస్తీ ముక్క మాత్రం ఆగిపోయింది.

ఇప్పుడు రెండు స్టేషన్లనూ ప్రయాణికుడిగా చూద్దాం. సుల్తాన్ బజార్‌లో రైలు దిగితే ప్లాట్‌ఫాం అంచు నుంచి పక్క మేడ మీది నీళ్ల ట్యాంకూ, తీగ మీద ఆరేసిన చీరా చెయ్యి చాచితే అందేలా ఉంటాయి. ఎవరింట్లో వాళ్లు కూర్చున్నా మన కళ్లు వాళ్ల మీద పడతాయి. కిందికి దిగితే బజారు నీడలో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఆ నీడ గాజుల బండివాడికి మేలు చేస్తుంది, అది కాదనను. కానీ దుకాణం పై అంతస్తులో ఉన్నవాడికి పొద్దున్నుంచి రాత్రి దాకా కిటికీ అవతల కాంక్రీటే. అంగడి బోర్డు వీధి చివరి నుంచి కనబడే రోజు పోయింది. హారన్ మోతా ఆటోల రొదా పైకి పోయే దారి లేక అక్కడక్కడే తిరుగుతాయి. అసలే ఇరుకు గల్లీ, దాని నడుమ స్తంభం వరస. పండగల ముందు కొనుగోళ్లకు వచ్చిన మా కల్హేర్ ఆడవాళ్లు పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఆ స్తంభాన్ని ఎటునుంచి చుట్టిపోవాలో చూసుకుంటూ నడవాలి.

అయినా ఎత్తు మీది ప్రయాణానికి ఒక ఆనందం ఉంది, దాన్ని దాచకూడదు. పల్లె నుంచి వచ్చినవాడికి ఊరు ఇంత అని తెలియజెప్పేది ఆ కిటికీయే. ఇమ్లీబన్ దగ్గర మూసీ, దూరాన గుమ్మటాలు, గుట్టలు, కొత్త కట్టడాలు అన్నీ కళ్ల ముందు నుంచి కదులుతాయి. భూగర్భ రైలులో ఆ భాగ్యం లేదు. చాకలిపేటలో ఎక్కి అన్నా సాలై దాకా పోయినవాడికి తాను హైకోర్టు కింద నుంచి వచ్చాడో, సెంట్రల్ కింద నుంచి వచ్చాడో బోర్డు చూస్తేనే తెలుస్తుంది. ఊరిని దాటేస్తాడు, చూడడు.

చెన్నై భూగర్భ స్టేషన్లలో పట్టాలకూ ప్లాట్‌ఫాంకూ నడుమ గాజు తలుపులుంటాయి. రైలు వచ్చి ఆగాకే తెరుచుకుంటాయి. ఏసీ చల్లదనం ఉంటుంది. ఉత్తర మద్రాసు ఉక్కపోతలో పదినిమిషాలు నిలబడినవాడికి ఆ చల్లదనం విలువ చెప్పనక్కర్లేదు. దానికి కరెంటు ఖర్చు ఎక్కువ, గాలి పంపే యంత్రాలూ నీళ్లు తోడే పంపులూ ఎప్పుడూ నడవాలి. కానీ పైన రోడ్డు మీద త్యాగరాయ కాలేజీ పిల్లలూ, ఎంసీ రోడ్డు బట్టల దుకాణాలకు వచ్చినవాళ్లూ, పూలమ్ముకునేవాళ్లూ ఆకాశం కింద నడుస్తున్నారు. ఆ వీధికి కొత్తగా వచ్చినవి మెట్ల గుమ్మాలు, లిఫ్టు గదులు, గాలి గొట్టాలు. కట్టినన్నాళ్లూ రోడ్డు తవ్వేశారు, బారికేడ్లు పెట్టారు, బేరాలు పడిపోయాయి. ఆ కష్టం కట్టినన్నాళ్లదే. సుల్తాన్ బజార్ కష్టం కట్టాక మొదలై, ఇక ఎప్పటికీ ఉండేది. ఈ రెండు కష్టాలనూ ఒకే తక్కెడలో తూచిన ప్రాజెక్టు నివేదిక నేనింతవరకు చదవలేదు.

చెన్నైని మెచ్చుకుంటూ ఒక లోపం చెప్పాలి. లండన్ శివారులో గాంట్స్ హిల్ అనే భూగర్భ స్టేషన్ ఉంది. 1930లలో మొదలై, యుద్ధంతో ఆగి, ఆ సొరంగాల్లో యుద్ధకాలంలో విమాన విడిభాగాల కార్ఖానా నడిచి, 1947 డిసెంబరు 14న స్టేషన్‌గా తెరుచుకుంది. పైన దానికి భవనమే లేదు. కూడలి కింద నడవాలు మాత్రమే. అయితే వాస్తుశిల్పి చార్లెస్ హోల్డెన్ లోపల, రెండు ప్లాట్‌ఫాంల నడుమ, మాస్కో మెట్రోను తలపించే పొడవాటి కమాను మంటపం కట్టాడు. శివారు ప్రజలకు కూడా రాజధాని నడిబొడ్డుకు తగ్గ హుందాతనం దక్కింది. మన దగ్గర 1863 నాటి లండన్‌ను, 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్‌కు నడిచిన కలకత్తా మెట్రోను గొప్పగా చెప్పుకుంటాం గానీ, స్టేషన్‌ను కట్టడంగా చూసే అలవాటు పోగొట్టుకున్నాం. చెన్నైలో ఒక నమూనా పెట్టె గీసి ఊరంతా అదే దించారు. మగ్గం మీద ఎదిగి, బడి పిల్లలకు అన్నం పెట్టిన త్యాగరాయ శెట్టి పేరు పెట్టుకున్న చోటుకు ఆ మనిషికి తగిన రూపం ఇచ్చి ఉండాల్సింది. సుల్తాన్ బజార్‌కూ అదే మాట. నూరేళ్లు దాటిన తెలుగు గ్రంథాలయం ఉన్న బజారు స్టేషన్, ఉప్పల్ స్టేషన్‌కు కవలలా ఉండాల్సిన అవసరం ఏముంది? ఈ విషయంలో రెండు ఊళ్లూ సమానంగా బీద మనసు చూపించాయి.

చెన్నై నేల కిందికి దిగడానికి వెనక దాని సొంత చేదు అనుభవం ఉందని నా నమ్మకం. 1990లలో అక్కడ బీచ్ నుంచి మైలాపూర్ వైపు ఎత్తు మీద లోకల్ రైలు వేశారు. 1995లో చేపాక్ దాకా, 1997లో తిరుమయిలై దాకా నడిచింది. దాని స్తంభాలను బకింగ్‌హామ్ కాలువలోనే పాతారు. కాకినాడ నుంచి మద్రాసు దాకా తెలుగు నేల బియ్యమూ కట్టెలూ పడవల మీద మోసిన కాలువ అది. ఊళ్లో దాని బతుకు ఆ స్తంభాలతో ముగిసింది. స్టేషన్లు పెద్దపెద్ద గోదాముల్లా ఏళ్ల తరబడి బోసిపోయి ఉన్నాయి. చవకని ఎంచుకున్న ఎత్తు ఊరికి ఏం చేస్తుందో ఆ ఊరు ఏళ్ల తరబడి కళ్లారా చూసింది. చూసినవాళ్లే మళ్లీ నడిబొడ్డులో స్తంభాలు వద్దనుకున్నారు. హైదరాబాద్ ఆ పాఠం పక్క ఊరిని చూసి నేర్చుకోగలిగేది. 2003లో ఇక్కడ మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు పాత పట్టాల మీదే నడిచింది కాబట్టి సొంతంగా నేర్చుకునే అవకాశం రాలేదు.

ఎవరు ఇస్తారు, ఎవరు పుచ్చుకుంటారు అన్న లెక్క మా ప్రాంతానికి బాగా తెలుసు. మాకు దగ్గర్లోని నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. మంజీర ఎగువన పల్లెలు మునిగాయి. నీళ్లు దిగువకు, బాన్సువాడ, బోధన్ పొలాలకు పారాయి. అక్కడ చెరకు పండింది, చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ప్రాజెక్టు గొప్పదే. దాన్ని కట్టిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ప్రతిభను ఎవరూ కాదనరు. కానీ ఎగువ మునిగినవాడి తరఫున లెక్క రాసినవాడు లేడు. సుల్తాన్ బజార్ దుకాణదారుడి మాట వినబడినప్పుడు నాకు ఆ మునిగిన పల్లెలు గుర్తుకొస్తాయి. లక్షల మంది ప్రయాణికుల సౌకర్యం నిజం. దాని కోసం వీధి కోల్పోయినవాడి నష్టమూ అంతే నిజం. చెన్నై ఆ నష్టాన్ని అందరి అప్పులో కలిపి పంచింది. హైదరాబాద్ దాన్ని ఆ వీధికే వదిలేసింది.

ఇప్పుడు ఆ లెక్క కూడా తిరగబడింది. ఎత్తు మార్గానికి ప్రధానమైన సమర్థన ఒక్కటే: ప్రైవేటు సొమ్ము, ప్రభుత్వం మీద భారం లేదు. 2025 సెప్టెంబరులో మొదటి దశ నుంచి తప్పుకోవడానికి ఎల్ అండ్ టీ, తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్నాయి. దాదాపు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వం నెత్తిన వేసుకోవడం, సంస్థ వాటాకు 2,000 కోట్ల దాకా చెల్లించడం ఆ ఒప్పందంలోని ముఖ్యాంశాలు. అంటే ప్రజల సొమ్ముతో చెన్నై చేసిన పని దగ్గరికే పదిహేనేళ్ల తర్వాత మనమూ వచ్చాం. తేడా ఏమిటంటే వాళ్ల చేతిలో 24 కిలోమీటర్ల సొరంగం ఉంది, మన బజారులో స్తంభాలున్నాయి. ఆ స్తంభాలను ఇక పీకలేం. అప్పు ఎలాగూ ప్రజలదే అవుతుందని 2010లోనే తెలిసి ఉంటే ఇరుకైన ఆ ముక్కలోనైనా కిందికి దిగి ఉండేవాళ్లం.

పాతబస్తీ ముక్క మాత్రం ఇంకా మన చేతిలో ఉంది. ఇమ్లీబన్ నుంచి దారుల్‌షిఫా, శాలిబండ మీదుగా చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన అయింది. అది కూడా స్తంభాల మీదే. రోడ్డు వెడల్పు చేయడానికి ఇళ్లూ దుకాణాలూ కూలుస్తున్నారు, గజానికి 81,000 రూపాయల పరిహారం ఖరారు చేశారు. ఆ దారి పొడవునా మసీదులు, అషూర్‌ఖానాలు, గుడులు ఉన్నాయి. వాటికి తగలకుండా స్తంభాలు సర్దుతామంటున్నారు. రెండో దశ ప్రణాళికల్లో రైలు నేల అడుగుకు దిగే చోటు ఉందా అని వెతికితే ఒకటి కనబడింది: శంషాబాద్ విమానాశ్రయం. అక్కడ కిలోమీటరున్నర పైచిలుకు సొరంగం, భూగర్భ స్టేషన్. చుట్టూ వేల ఎకరాల ఖాళీ ఉన్నచోట నేల కిందికి దిగగలిగిన రైలు, ఇంటి గోడా ఇంటి గోడా ఒరుసుకునే శాలిబండలో దిగలేదంటే రాయినీ ఖర్చునూ ఇక సాకుగా చెప్పలేం.

చాకలిపేట చూపించిన దారి స్పష్టంగానే ఉంది. మొత్తం మార్గం భూగర్భంలో వేయాలని ఎవరూ అడగడం లేదు. ఇరుకున్న మేరకు, రెండు స్టేషన్ల దూరం, దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాటేదాకా అడుగున పోనిచ్చి, అవతల వెడల్పు రోడ్డులో పైకి తేవచ్చు. దానికి అదనంగా ఎంతవుతుందో, కూల్చే ఇళ్ల పరిహారం ఎంత మిగులుతుందో పక్కపక్కన పెట్టి లెక్క ప్రకటించాల్సిన బాధ్యత హైదరాబాద్ మెట్రో సంస్థది. మిగిలిన ఇళ్లు కూల్చకముందే ఆ లెక్క బయటికి రావాలి.